36 గెలుపులు దాచిపెట్టిన బగ్గు

ఓడిన జట్టు గురించి మాట్లాడాల్సి వస్తే మనవాళ్ళ దగ్గర నాలుగే నాలుగు రెడీమేడ్ డైలాగులుంటాయి. ఒకటి: "ఓవర్ కాన్ఫిడెన్సండీ, ఇంకేముంది". రెండు: "ప్రెషర్ తట్టుకోలేకపోయారు". మూడు: "టైం బాలేదంతే". నాలుగు: "రిఫరీలే కొంప ముంచారు". ఆట ఏదైనా, దేశం ఏదైనా, ఈ నాలుగిట్లోంచి ఒకటి తీసి అతికిస్తే చాలు, చర్చ ముగిసిపోతుంది. టీ కప్పు చెత్తబుట్టలో పడేసి ఎవరి సీటుకి వాళ్ళు వెళ్ళిపోవచ్చు. కర్ణుడి చావుకి సవాలక్ష కారణాలన్నారు పెద్దలు. మన దగ్గర మాత్రం ఎవరి చావుకైనా నాలుగే.

నా గొడవంతా ఈ నాలుగు డైలాగుల మీదే. దానికి నేను ఎంచుకున్న ఉదాహరణ క్రికెట్ కాదు, అమెరికాలో అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్. "మాకెందుకు బాబూ ఇది" అని పేజీ మూసెయ్యకండి. ఆట తెలియకపోయినా పర్లేదు, అర్థమయ్యేలా చెప్పే పూచీ నాది. పైగా ఇందులో రీట్రైలున్నాయి, టెస్ట్ కేసులున్నాయి, ఆన్-కాల్‌లో ఇరుక్కున్న ఒక చిన్నపిల్ల ఉంది. మనం రోజూ చూసే సినిమానే :)

సంగతేంటంటే, సౌత్ కెరోలినా యూనివర్సిటీ అమ్మాయిల జట్టు 2022లో యూకాన్‌ని 64-49తో ఓడించి చాంపియన్ అయింది. తర్వాతి సీజన్లో ఆడిన 36 మ్యాచ్‌లూ గెలిచింది. ముందు ఏడాది నుంచి లెక్కేసుకుంటే వరసగా 42 గెలుపులు. కోచ్ డాన్ స్టేలీ ఆటగత్తెగా మూడు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిన మనిషి. జట్టు మధ్యలో అలియా బోస్టన్, ఆ ఏడాది ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్. ఆమె ఒక్కతే కాదు, అదే డ్రాఫ్ట్‌లో ఈ ఒక్క కాలేజీ నుంచే ఐదుగురిని తీసుకున్నారు. అంటే ఐదుగురు ఆడే ఆటలో ఐదుగురు ప్రొఫెషనల్స్‌ని పెట్టుకున్న కాలేజీ జట్టన్నమాట. బెంచ్ మీద కూర్చున్న వాళ్ళతో ఇంకో మంచి జట్టు తయారుచెయ్యొచ్చని చెప్పుకునేవాళ్ళు.

2023 మార్చి 31న డాలస్‌లో సెమీఫైనల్. ఎదురుగా అయోవా. స్కోరు అయోవా 77, సౌత్ కెరోలినా 73. అంతే, సీజన్ అయిపోయింది. 36 గెలుపులు ఒక పక్క, ఒక్క ఓటమి ఇంకో పక్క. జనం గుర్తుపెట్టుకున్నది రెండోదే.

అయోవా కేట్లిన్ క్లార్క్ ఆ రోజు 41 పాయింట్లు కొట్టింది. కాబట్టి అందరూ కథని అక్కడే ముగించేశారు: "ఒక సూపర్ స్టార్ వచ్చింది, దంచింది, గెలిచింది". వినడానికి బాగుంటుంది. సినిమా వాళ్ళు కూడా ఇలాగే తీస్తారు. కానీ క్లార్క్ 41 కొట్టడం సగం కథే. రెండో సగం, సౌత్ కెరోలినా 73 దగ్గర ఎందుకు ఆగిపోయింది అన్నది. ఆ సగం ఎవరికీ అక్కర్లేదు, ఎందుకంటే అందులో హీరో లేడు, డిజైన్ ఉంది.

క్రికెట్ భాషలో చెప్తాను. ఒక బ్యాట్స్‌మన్‌కి కవర్ డ్రైవ్ సరిగ్గా రాదని తెలిస్తే కెప్టెన్ ఏం చేస్తాడు? కవర్స్‌లో ఫీల్డర్ని తీసేసి, "కొట్టుకో నాయనా" అని ఆ జాగా ఖాళీగా వదిలేస్తాడు. ఆ ఫీల్డర్ని స్లిప్‌లో పెడతాడు. అయోవా సరిగ్గా ఇదే చేసింది. సౌత్ కెరోలినా బలమంతా బుట్ట కింద. ఎత్తైన అమ్మాయిలు, బలమైన అమ్మాయిలు. బలహీనత బయట నుంచి, అంటే 22 అడుగుల పైచిలుకు దూరంలో ఉన్న గీత అవతల నుంచి వేసే త్రీ పాయింటర్. అయోవా వాళ్ళు బయట ఉన్న అమ్మాయిల్ని వదిలేసి అందరూ వచ్చి బుట్ట కింద గోడ కట్టారు. "బయట నుంచి వేస్తారా? వేసుకోండి, మేం అడ్డురాం" అని.

ఫలితం చూడండి. సౌత్ కెరోలినా 20 త్రీ పాయింటర్లు వేస్తే పడినవి 4. బోస్టన్, దేశంలోకెల్లా గొప్ప సెంటర్, ఆ రోజు చేసింది 8 పాయింట్లు. బంతి ఆమెకి చేరే దారే లేదు, చేరినా చుట్టూ ముగ్గురు.

ఇక్కడే నాకు అసలైన ఆసక్తికరమైన అంకె కనిపించింది. ఆ మ్యాచ్‌లో రీబౌండ్లు సౌత్ కెరోలినాకి 49, అయోవాకి 25. దాదాపు రెట్టింపు. అందులో ఆఫెన్సివ్ రీబౌండ్లే 26. అంటే తాము వేసిన షాట్ తప్పిపోతే, ఆ బంతిని మళ్ళీ తామే పట్టుకున్న సందర్భాలు 26. అయోవా మొత్తం రీబౌండ్ల కన్నా ఒకటి ఎక్కువ! టీవీలో ఇది చూసి "ఎంత పోరాడారండీ పాపం" అన్నారు. పోరాడారు, కాదనను. కానీ ఇంజనీర్ అన్నవాడు ఈ అంకెని ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. తప్పిపోయిన షాటు ఉంటేనే ఆఫెన్సివ్ రీబౌండ్ ఉంటుంది. 26 సార్లు బంతి తిరిగి చేతికొచ్చిందంటే, దానికి ముందు అన్నిసార్లు లోపలికి వెళ్ళలేదనే అర్థం.

దీన్ని మన ఊళ్ళో రీట్రై లాజిక్ అంటారు.

మీలో సగం మంది ఇప్పటికే నవ్వుకుని ఉంటారు. అవతలి సర్వీసు పదిసార్లలో మూడుసార్లు ఫెయిలవుతుంది. దాన్ని బాగుచెయ్యడానికి టైం లేదు, బడ్జెట్ లేదు, అది వేరే టీమ్‌ది. మనం ఏం చేస్తాం? మూడు రీట్రైలు పెడతాం. ఒకటోసారి కాకపోతే రెండోసారి, రెండోసారి కాకపోతే మూడోసారి. డ్యాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది. మేనేజర్ ముఖం కూడా పచ్చగా ఉంటుంది. కొన్నాళ్ళకి అవతలి సర్వీసు ఫెయిలవుతోందన్న సంగతే అందరూ మర్చిపోతారు. ఆ రీట్రై అన్నది రిపేరు కాదు, దుప్పటి కప్పడం. లోడు పెరిగిన రోజున దుప్పటి ఎగిరిపోతుంది.

సౌత్ కెరోలినా ఆటంతా ఈ రీట్రై మీద నడిచింది. షాట్ తప్పినా ఫర్వాలేదు, మన పొడుగు పిల్లలు పట్టుకుని మళ్ళీ వేస్తారు. 36 సార్లు అది పనిచేసింది. ఇంకో మాట కూడా చెప్పాలి, అది తెలివితక్కువ పథకం ఏమీ కాదు. అంత ఎత్తు, అంత లోతు ఉన్న జట్టుకి అదే సరైన దారి. అందుకే బయట నుంచి వేసే షాట్ సంగతి అత్యవసరం కాలేదు. 30 పాయింట్ల తేడాతో గెలిచిన రాత్రి "మన షూటింగ్ బాలేదు" అని ఎవరికి చెప్తే వింటారు? మీరు చెప్పి చూడండి, "నీకు ప్రతిదాంట్లోనూ లోపాలే కనిపిస్తాయి" అని సాగనంపుతారు.

డైక్‌స్ట్రా అనే పెద్దాయన ఎప్పుడో చెప్పాడు, టెస్టింగ్ బగ్గులున్నాయని చూపించగలదు కానీ లేవని నిరూపించలేదని. కాలేజీలో ఇది పరీక్ష కోసం బట్టీ కొట్టాం. 36-0 అన్నది పాస్ అయిన 36 టెస్టులు. 37వ టెస్టు రాసింది అయోవా. వాళ్ళు కావాలని ఆ ఒక్క దారిలోంచే వెళ్ళమని బలవంతం చేశారు.

ఇప్పుడు మన నాలుగు డైలాగుల దగ్గరికొద్దాం.

ఓవర్ కాన్ఫిడెన్స్. తలపొగరెక్కిన జట్టు 26 సార్లు బంతి కోసం ఎగబడి లాక్కుంటుందా? పొగరున్నవాడు మొదట మానేసే పని రీబౌండే. అది వళ్ళు హూనమయ్యే పని, పేరు రాని పని. మన భాషలో డాక్యుమెంటేషన్ లాంటిది. ఆ జట్టు ఆఖరి నిమిషం దాకా ఆ పని చేసింది. ఈ డైలాగుకి ఇక్కడే దహనసంస్కారాలు.

ప్రెషర్. వీళ్ళలో చాలామంది ఏడాది క్రితమే ఫైనల్ గెలిచినవాళ్ళు. పెద్ద మ్యాచ్ కొత్త కాదు. ఈ "ప్రెషర్" డైలాగు ఆడపిల్లల ఆటల దగ్గరికొచ్చేసరికి ఇంకాస్త వికారంగా తయారవుతుంది, దాని సంగతి కింద చెప్తాను.

టైం బాలేదు. దీన్ని నేను పూర్తిగా కొట్టిపారెయ్యను, ఎందుకంటే లెక్క దీనివైపు కొంత ఉంది. ఈ టోర్నమెంటులో ఒక్క ఓటమి చాలు, పెట్టె సర్దుకోవడమే. చాంపియన్ కావాలంటే వరసగా ఆరు మ్యాచ్‌లు గెలవాలి. ఒక జట్టుకి ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం 90 శాతం అనుకోండి. ఆరూ గెలిచే అవకాశం 0.9ని ఆరుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే సుమారు 53 శాతం. బొమ్మా బొరుసా కన్నా కాస్త మేలు, అంతే. కాబట్టి గొప్ప జట్టు ఓడిపోవడం వింతేమీ కాదు. 2013లో బ్రిట్నీ గ్రైనర్ ఆడిన బేలర్ జట్టు లూయివిల్ చేతిలో 82-81తో ఓడింది. ఆ రోజు లూయివిల్ వేసిన 25 త్రీ పాయింటర్లలో 16 పడ్డాయి. రోజూ అలా పడవు. దానిలో అదృష్టం పాలు గట్టిగానే ఉందంటే ఒప్పుకుంటాను. కానీ "అదృష్టం" అన్న మాట ఎందుకు ఓడారో సగమే చెప్తుంది. సర్వర్ ఎప్పుడు పడుతుందన్నది అదృష్టం. పడితే ఎక్కడ పడుతుందన్నది డిజైన్. సౌత్ కెరోలినా ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడే పడింది.

రిఫరీలు. బోస్టన్‌కి మ్యాచ్ మొదట్లోనే రెండు ఫౌల్స్ పడ్డాయి, చాలాసేపు బెంచ్ మీద కూర్చుంది. దీని మీద కావలసినంత ఏడవచ్చు. కానీ ఒక్క మనిషి పక్కన కూర్చుంటే ఆగిపోయే ప్లానుని మనం ఏమంటాం? సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఆడలేక మద్దెల ఓడు అనడం మానేసి, మద్దెల ఒకటే ఎందుకుంది అని అడగాలి.

ఇది కాక ఐదో డైలాగొకటి పుట్టుకొచ్చింది ఆ మ్యాచ్ చుట్టూ. అది అమెరికాకే ప్రత్యేకం. మ్యాచ్ ముందు రోజు అయోవా కోచ్ లీసా బ్లూడర్, వీళ్ళతో రీబౌండ్ కోసం పోటీపడటం బార్లో కొట్లాటకి వెళ్ళినట్టే అని తనతో ఎవరో అన్నారని చెప్పింది. ఓడిపోయాక ప్రెస్ మీట్‌లో స్టేలీని తన జట్టు మీదున్న అభిప్రాయాల గురించి అడిగితే, మా పిల్లలు బార్లో కొట్టుకునేవాళ్ళూ కాదు, వీధి రౌడీలూ కాదు, వీళ్ళని ఆ మాటలతో వర్ణించడం ఆపండి అన్న అర్థంలో గట్టిగానే సమాధానమిచ్చింది. జట్టులో ఎక్కువమంది నల్లమ్మాయిలు. తెల్లమ్మాయి గురిచూసి కొడితే "తెలివి", నల్లమ్మాయి ఎగిరి బంతి అందుకుంటే "కండబలం". కారణం వెతకడం చేతకానప్పుడు మనుషులు జాతకాలు చెప్పడం మొదలుపెడతారు. జాతకం పేరు ఒకచోట రంగు, ఒకచోట కులం, ఒకచోట "ఆడపిల్ల కదండీ".

ఇక ఈ గొడవంతట్లో నాకు బాగా మండిన విషయం.

ఆ మ్యాచ్‌లో ఒక దృశ్యం ఉంది, రెండు మూడు సెకన్లది. సౌత్ కెరోలినా గార్డు రేవెన్ జాన్సన్ గీత అవతల బంతి పట్టుకుని నిలబడింది. ఆమెని కాపలా కాయాల్సిన క్లార్క్ ఎక్కడో బుట్ట దగ్గర నిలబడి, "నువ్వేస్తే నాకేంటి" అన్నట్టు చెయ్యి విదిలించింది. జాన్సన్ షాట్ వెయ్యలేదు. బంతి వేరేవాళ్ళకి ఇచ్చేసింది. ఆ మూడు సెకన్లూ ఇంటర్నెట్ మొత్తం తిరిగాయి. లక్షలమంది నవ్వారు. ఆ తర్వాత ఆట మానేద్దామన్నంతగా కుంగిపోయానని ఆ పిల్లే చెప్పుకుంది.

ఆమె ముందటి ఏడాది మొదట్లోనే మోకాలి గాయంతో దాదాపు సీజన్ మొత్తం బయట కూర్చుంది. 2023 ఆమెకి మొదటి పూర్తి సీజన్. అలాంటి పిల్ల చేతిలో, 36 మ్యాచ్‌లు గెలిచిన వ్యవస్థ బాగుచేసుకోని ఒకే ఒక్క లోపం, దేశమంతా చూస్తుండగా వచ్చి పడింది. లోపం జట్టుది. ఎవరిని తీసుకోవాలి, ఏ ఆట ఆడాలి అని ఏళ్ళ క్రితం తీసుకున్న నిర్ణయాలది. కానీ మీమ్‌లో బొమ్మ ఎవరిది? ఆఖర్న బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది.

ఇది ఎక్కడో చూసినట్టుంది కదూ? నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో రాత్రి పూట నడిచే ఒక బ్యాచ్ జాబ్ ఉండేది. పైన చెప్పినట్టే, అవతలి సర్వీసు తరచుగా టైమవుట్ అయ్యేది, రీట్రైలతో నెట్టుకొచ్చేవాళ్ళు. నేను చేరకముందు నుంచీ అంతే. ఒక నెలాఖరు రాత్రి లోడు పెరిగి, రీట్రైలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, మొత్తం కూలింది. ఆ రాత్రి ఆన్-కాల్‌లో ఉన్నది కాలేజీ నుంచి వచ్చి ఏడాది కూడా నిండని ఒకమ్మాయి. పొద్దున్న కాల్‌లో ఇరవై మంది. మొదటి ప్రశ్న "ఏం జరిగింది" కాదు, "ఆన్-కాల్ ఎవరు?" అన్నది. రన్‌బుక్‌లో లేని పరిస్థితిలో రన్‌బుక్ ఎందుకు ఫాలో అవలేదని ఆమెని అరగంట నిలదీశారు. అసలు ఆ రీట్రై ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని నేనడిగితే, "అది ఆఫ్‌లైన్‌లో మాట్లాడదాం" అన్నారు. ఆఫ్‌లైన్ అనేది మన ఇండస్ట్రీలో ప్రశ్నలకి స్మశానం. ఆ అమ్మాయి అప్రైజల్‌లో "ఓనర్‌షిప్ తక్కువ" అని రాశారు. నాలుగు నెలల్లో మానేసింది. రీట్రై మాత్రం అక్కడే ఉంది, మూడు నుంచి ఐదుకి పెంచారు :(

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం తప్పని అంటారు కానీ, మనం ఆకులు కూడా పట్టుకోం. చెయ్యి ఎవరిదో కనుక్కుంటాం.

సౌత్ కెరోలినా ఏం చేసిందో చూడండి. వాళ్ళ కష్టం ఇంకా పెద్దది: మొదటి ఐదుగురూ వెళ్ళిపోయారు. స్టేలీ ఆ లోపాన్ని లోపంగానే చూసింది. ఆరెగాన్ నుంచి టెహీనా పావ్‌పావ్ అనే అమ్మాయి ట్రాన్స్‌ఫర్ అయ్యి వచ్చింది. త్రీ పాయింటర్లలో ఆ సీజన్లో దేశంలోకెల్లా మెరుగైనవాళ్ళలో ఆమె ఒకతి. టెస్సా జాన్సన్ లాంటి కొత్త పిల్లలు చేరారు. బుట్ట కింద కమిలా కార్డోసో ఎలాగూ ఉంది. అంటే రీట్రై తీసెయ్యలేదు, కానీ దాని మీదే బతకాల్సిన అవసరం పోయింది. ఇక రేవెన్ జాన్సన్ని? పక్కన పెట్టలేదు. జట్టు పగ్గాలే ఆమె చేతిలో పెట్టారు.

2024 ఏప్రిల్ 7న క్లీవ్‌లాండ్‌లో ఫైనల్. ఎదురుగా మళ్ళీ అయోవా, మళ్ళీ క్లార్క్. మొదటి క్వార్టర్లోనే క్లార్క్ 18 కొట్టింది. మన నాలుగు డైలాగుల వాళ్ళు అప్పటికే గొంతు సవరించుకుని ఉంటారు. ఆ తర్వాత మూడు క్వార్టర్లలో కలిపి ఆమెకి వచ్చినవి 12. ఆమెని కాపలా కాసే పని ఎక్కువభాగం ఎవరు చేశారనుకున్నారు? రేవెన్ జాన్సన్. హాఫ్ టైం ముందు క్లార్క్ చేతిలోంచే బంతి లాక్కుని వెళ్ళి బుట్టలో వేసింది. టెస్సా జాన్సన్ బెంచ్ మీద నుంచి వచ్చి 19 పాయింట్లు చేసింది. సౌత్ కెరోలినా 87, అయోవా 75. సీజన్ మొత్తం 38-0.

"అయితే రివెంజ్ స్టోరీ అన్నమాట" అంటారేమో. కాదండీ. పగ తీర్చుకోవాలని అందరికీ ఉంటుంది, పగతోనే త్రీ పాయింటర్ పడదు. అక్కడ జరిగింది బగ్ ఫిక్స్. ఫిక్స్ చేస్తే ఇక ఎప్పుడూ ఓడరని కూడా నేననడం లేదు. ఇదే సౌత్ కెరోలినా 2025 ఫైనల్లో యూకాన్ చేతిలో 82-59తో చిత్తుగా ఓడింది. ప్రతి రిలీజులోనూ కొత్త బగ్గులుంటాయి. ప్రశ్న ఏంటంటే, అవే పాత బగ్గులతో మళ్ళీ మళ్ళీ ఓడుతున్నామా, కొత్తవాటితోనా?

ఓటమిని చదవడం ఎలాగో తెలియాలంటే ఇంకో జట్టుంది. 2016లో యూకాన్ మిసిసిపీ స్టేట్‌ని 98-38తో ఓడించింది. అరవై పాయింట్ల తేడా! ఇన్నింగ్స్ ఓటమి లాంటిది. ఏడాది తర్వాత, 2017 మార్చి 31న, అదే రెండు జట్లు సెమీఫైనల్లో. అప్పటికి యూకాన్ వరసగా 111 మ్యాచ్‌లు గెలిచి ఉంది. ఓవర్‌టైమ్ ఆఖరి క్షణంలో, ఐదడుగుల ఐదంగుళాల మోర్గన్ విలియం వేసిన షాట్‌తో మిసిసిపీ స్టేట్ 66-64తో గెలిచింది. 111 గెలిచిన వాళ్ళ దగ్గర ఉన్నవి 111 "అంతా బాగుంది" అన్న లాగ్‌లు. అరవై తేడాతో ఓడిన వాళ్ళ దగ్గర ఉన్నది ఒకే ఒక్క పూర్తి స్టాక్ ట్రేస్. ఏది ఎక్కువ పనికొస్తుందో డీబగ్ చేసిన ప్రతివాడికీ తెలుసు.

ఇందాక "కింద చెప్తాను" అన్న సంగతి. ఈ "ఆడపిల్లలు ప్రెషర్ తట్టుకోలేరు" అన్న మాట మనకి అమెరికా నుంచి రాలేదు, మన ఇళ్ళలోనే తయారవుతుంది. 2017 జులైలో లార్డ్స్‌లో ప్రపంచ కప్ ఫైనల్ గుర్తుందా? హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ కెప్టెన్. ఇంగ్లండ్ మీద 229 కొట్టాలి. 191కి మూడే వికెట్లు. అక్కడి నుంచి 28 పరుగులకి ఏడు వికెట్లు పడి 219కి ఆలౌట్, 9 పరుగుల తేడాతో ఓటమి. ఆ సాయంత్రం ఎంతమంది మగమహారాజులు "నెర్వ్స్" అని ఒక్క మాటతో తేల్చేశారో లెక్కలేదు. మరి 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో, వరసగా పది మ్యాచ్‌లు గెలిచిన మగ జట్టు ఫైనల్లో 240కే ఆగిపోయి ఆస్ట్రేలియా చేతిలో ఆరు వికెట్ల తేడాతో ఓడితే? అప్పుడు పిచ్ గురించి వ్యాసాలొచ్చాయి, టాస్ గురించి చర్చలు జరిగాయి, మంచు పడటం మీద పరిశోధనలు చేశారు. మగవాళ్ళు ఓడితే టెక్నికల్ కారణాలు, ఆడవాళ్ళు ఓడితే స్వభావం. ఇదెక్కడి న్యాయమండీ?

2025 ప్రపంచ కప్‌లో మన అమ్మాయిలు లీగ్ దశలో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడారు. మధ్యలో ఒక మ్యాచ్‌కి పక్కనపెట్టిన జెమీమా రోడ్రిగ్స్, సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 339 వెంటాడుతూ 127 నాటౌట్. నవంబర్ 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాని 52 పరుగులతో ఓడించి కప్పు తెచ్చారు. ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. టోర్నమెంటులో 14 వికెట్లు. అప్పుడు "నెర్వ్స్" సంఘం వాళ్ళంతా స్టేటస్‌లో జెండాలు పెట్టుకున్నారు. మూడు ఓడినప్పుడు లేని స్వభావం రెండు వారాల్లో ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఊడిపడలేదు. జట్టు మారింది, కూర్పు మారింది, బౌలింగ్ మారింది. స్వభావం గురించి మాట్లాడటం చవక, ఎవరైనా మాట్లాడొచ్చు. కూర్పు గురించి మాట్లాడాలంటే మ్యాచ్ చూడాలి.

ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. "జరిగిపోయాక ఎవరైనా చెప్తారు, ముందే తెలుసా నీకు?" అని. న్యాయమైన ప్రశ్నే. ఓటమి ముందే తెలియదు. లోపం మాత్రం ముందే తెలుసు. సౌత్ కెరోలినా బయట నుంచి సరిగా వెయ్యలేదన్నది రహస్యమేమీ కాదు, ఆ సీజన్లో వాళ్ళ మీద ఆడిన వాళ్ళందరికీ తెలుసు. మిగతావాళ్ళకి ఆ లోపాన్ని వాడుకునే స్తోమత లేదు, అయోవాకి ఉంది, అంతే తేడా. మన ప్రాజెక్టుల్లోనూ అంతే. ఆ జాబ్ ఏదో ఒక రోజు కూలుతుందని టీమ్‌లో అందరికీ తెలుసు. తెలిసిన లోపం బ్యాక్‌లాగ్‌లో నూటపద్నాలుగో టికెట్‌గా పడుంటుంది. కూలిన రోజున మాత్రం అందరం ఆశ్చర్యం నటిస్తాం.

రెండో అభ్యంతరం: "మరి ఎవరికీ బాధ్యతే లేదా?" ఉంది. లేకేం? కానీ అది పైనుంచి కిందికి రావాలి. జట్టుని ఎంచింది ఎవరు, పాత లోపాన్ని పట్టించుకోనిది ఎవరు, కొత్త పిల్లని ఒంటరిగా ఆ చోట నిలబెట్టింది ఎవరు, ఈ వరసలో అడగాలి. ఆఖర్న బంతి పట్టుకున్న పిల్ల దగ్గరికి వచ్చేసరికి, అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు. మనం వరసని తిరగేసి కింద నుంచి మొదలుపెడతాం, మొదటి మెట్టు దగ్గరే బలి దొరికిపోతుంది కాబట్టి పైకి వెళ్ళే అవసరమే రాదు.

గెలిచిన రోజున ఎవరూ ప్రశ్నలడగరు. అడగాల్సింది ఆ రోజే. నలభై రిలీజులు సాఫీగా వెళ్ళాయని కేకు కట్ చేసేటప్పుడు, కేకు తింటూనే అడగండి: వీటిలో ఎన్ని రీట్రైల మీద గట్టెక్కాయి? చిరాకు పడతారు. పడనివ్వండి. 36-0 దగ్గర అడిగితే చిరాకుతో పోతుంది, 36-1 దగ్గర అడిగితే ఒక పిల్ల ఏడుస్తుంది.

వచ్చే మార్చిలో మళ్ళీ ఏదో ఒక గొప్ప జట్టు ఓడుతుంది, అది ఖాయం. పైన చెప్పిన లెక్క ఎవరినీ వదలదు. అప్పుడు మీ లంచ్ టేబుల్ దగ్గర ఎవరైనా "చోక్ అయ్యారండీ" అంటే, మర్యాదగా ఒక్కటడగండి: "మ్యాచ్ చూశారా?" తొంభై శాతం చర్చలు అక్కడే ముగుస్తాయి. (ఈ తొంభై మాత్రం నా సొంత లెక్క, ఎక్కడా వెతక్కండి :))